అమ్మ చీరల బొంతలు: ఒక కస్టమ్ ఆర్డర్‌కు ధర కట్టిన తీరు

చేత్తో కుట్టిన బొంతలు అమ్మేవాళ్లకు రోజూ వచ్చే మెసేజ్ ఒకటే: "బొంతకు ఎంత తీసుకుంటారండీ?" వెంటనే ఒక అంకె చెప్పేస్తే, చెప్పినవాళ్లే ఇరుక్కుంటారు. వీధిలోకి వచ్చి బొంతలు కుట్టేవాళ్లు అరుగు మీద కూర్చుని ధర చెప్పగలరు. చీరలు వాళ్ల కళ్లముందే ఉంటాయి, కుట్టు వరసలు ఎంత ఎడంగా వేయాలో కూడా వాళ్లే తేల్చుకుంటారు. ఆన్‌లైన్ ఆర్డర్‌లో చీర కనబడదు. కొనేవాళ్ల ఊహలో ఉన్న కుట్టు ఎంత దగ్గరగా ఉందో తెలియదు. ఖర్చంతా ఆ రెండింటిలోనే ఉంటుంది.

ఇక్కడ లెక్క కట్టిన ఆర్డర్ నమూనా ఆర్డర్. ఇలాంటి పనుల్లో తరచూ ఎదురయ్యే చిక్కులన్నీ దీనిలోకే తెచ్చాం. కూలి, బట్ట రేట్లు ఊరిని బట్టి మారతాయి, మీ అంకెలు వేసుకుని చూసుకోండి.

ఆర్డర్ ఇదీ. హైదరాబాద్‌లో ఉన్న ఒకావిడ దగ్గర చనిపోయిన అమ్మగారి చీరలు ఏడున్నాయి. వాటితో ఇద్దరు మనుషులకు రెండు బొంతలు కావాలి, తనకొకటి, అమెరికాలో ఉన్న తమ్ముడికొకటి. సంవత్సరీకం నాటికి చేతికందాలి. సైజు 60 అంగుళాలకు 90. "బట్ట మాదే కదా, కుట్టుకూలి చెప్పండి చాలు" అన్నది మాట.

చీరలు చూడకుండా ధర లేదు

మొదటి జవాబులో ధర ఇవ్వలేదు, ఒక పరిధి ఇచ్చాం: ఒక్కో బొంత 4,000 నుంచి 6,000 మధ్య, ఖాయం చేసిన ధర చీరలు ఉతికి చూశాక. చూడడానికి 300 రూపాయలు, ఆర్డర్ ఖాయమైతే బిల్లులో తగ్గుతుంది, కాకపోతే తిరిగి రాదు. ఈ 300 అడగడానికి చాలామంది మొహమాటపడతారు. ఏడు చీరలు నానబెట్టి, గంజి వదలగొట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి, ఒక్కొక్కటీ కొలవడానికి రెండున్నర గంటలు పడుతుంది. ఆ పని ఉచితంగా చేస్తే ఊరికే అడిగిపోయేవాళ్లే ఎక్కువవుతారు.

పార్సిల్ విప్పగానే ప్రతి చీరనూ కొంగు కనబడేలా ఫొటో తీసి, అన్నీ కలిపి తూకం వేసి, ఆ తూకం అదేరోజు ఆవిడకు పంపాలి. చివర్లో మిగిలిన ముక్కలు తిరిగిచ్చేటప్పుడు ఈ అంకె మాట దక్కిస్తుంది. అమ్మ చీరలో నుంచి ఒక గజం ఏమైందన్న అనుమానం ఎవరికీ రాకూడదు.

వచ్చినవి ఇవి: వెంకటగిరి కాటన్ ఒకటి, మంగళగిరి కాటన్ ఒకటి, రోజువారీ వాయిల్ చీరలు రెండు, గద్వాల ఒకటి, ధర్మవరం పట్టు ఒకటి, జార్జెట్ ఒకటి. లెక్కకు ఏడే, బొంతకు పనికొచ్చేవి అయిదు.

చీరను కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడాలి. బట్ట ఎక్కడ అరిగిందో అక్కడ జల్లెడలా కనిపిస్తుంది. కుచ్చిళ్లు దోపుకునే చోటు, ఫాల్ కుట్టిన అంచు, భుజం మీద పిన్నీసు గుచ్చేచోటు ముందు పోతాయి. ఆ తర్వాత రెండు బొటనవేళ్లతో పక్కపక్కన పట్టి లాగాలి. పోగులు జరిగితే ఆ భాగం పై పొరకు పనికిరాదు. చిరిగితే లోపలి పొరకూ పనికిరాదు. అయిదున్నర మీటర్ల చీరలో మనకు దక్కింది ఇంత: వెంకటగిరిలో 3 మీటర్లు, మంగళగిరిలో నాలుగున్నర, వాయిల్ రెండింటిలో నాలుగేసి, గద్వాల ఒంటిలో (అంచూ కొంగూ కాని భాగంలో) మూడున్నర. మొత్తం 19 మీటర్లు.

పట్టుచీర అమ్మగారి పెళ్లిచీర, అది బొంతలో ఉండాలని ఆవిడ పట్టు. ఇక్కడ కాదనడమే మేలు, ఎందుకు కాదో చెప్పి. బొంతను సబ్బునీళ్లలో ఉతుకుతారు. పట్టు, కాటన్ ఒకేలా ముడుచుకోవు, నాలుగు ఉతుకులకే పట్టు ముక్క ఉబ్బి నిలబడుతుంది. పాత పట్టు మడతల దగ్గర దానంతటదే చీలుతుంది. జరీ ఒంటికి గుచ్చుకుంటుంది, సూదినీ మొండి చేస్తుంది. దానికి బదులు కొంగుతో రెండు కుషన్ కవర్లు, వెనక మల్లు గుడ్డ (పలచని మెత్తటి నూలు గుడ్డ) ఆసరా వేసి, విడిగా ధర చెప్పాం. గద్వాలలో ఒళ్లు కాటన్, అంచూ కొంగూ పట్టు, కాబట్టి అంచు కోసి తీసి ఒళ్లు మాత్రం వాడాలి. జార్జెట్ జారుతుంది, కాటన్‌తో కలిపి కుడితే వరస వంకరపోతుంది. దాన్ని అలాగే ఉంచి చివర్లో తిరిగి పంపాం.

రంగు పరీక్ష చన్నీళ్లతో చేస్తే మోసపోతాం. రెండు వాయిల్ చీరల్లో మెరూన్ రంగుది చన్నీళ్లలో నిలబడింది. ఆవిడ ఇంట్లో వాడే సబ్బుపొడి గోరువెచ్చని నీళ్లలో కలిపి, తెల్లగుడ్డతో కలిపి అరగంట నానబెడితే తెల్లగుడ్డ గులాబీ రంగుకు తిరిగింది. ఉప్పు, వెనిగర్ వేస్తే రంగు ఆగుతుందన్న మాట నమ్మి దిగకూడదు. నీళ్లు తేటగా వచ్చేదాకా విడిగా ఉతికి, మళ్లీ పరీక్షించి, ఇంకా కొంచెం వదులుతుంటే తెలుపు పక్కన రాకుండా అమర్చుకోవాలి. పూర్తయిన బొంతలో రంగు అంటిందంటే దాన్ని ఆరనివ్వకుండా, ఇస్త్రీ తగలనివ్వకుండా అప్పటికప్పుడే చాలా నీళ్లలో మళ్లీ మళ్లీ ఉతకడమే గతి. ఆరాక మొండికేస్తుంది.

సైజు చీర పన్నా చెబుతుంది

90 అంగుళాల పొడవు ఎందుకని అడిగితే ఎవరి దగ్గరా జవాబుండదు, ఎక్కడో చూసి ఉంటారు. చీర పన్నా, అంటే వెడల్పు, అంచులు పోగా 44 అంగుళాలు దక్కుతుంది. 62 అంగుళాల పొడవున రెండు ముక్కలు కోసి, ఆ పొడవు బొంత వెడల్పు వైపు వచ్చేలా తిప్పి పక్కపక్కన కలిపితే, అతుకు, అంచు మడత పోగా 60కి 84 బొంతకు ఒక పొర వస్తుంది. ఖర్చు 124 అంగుళాలు, అంటే 3.15 మీటర్లు. అదే 90 పొడవు కావాలంటే ఈ తిప్పుడు కుదరదు. 92 అంగుళాల ముక్కలు రెండు పెట్టి, రెండోదాన్లో 18 అంగుళాల పట్టీ వాడి మిగతాది పక్కన పెట్టాలి, అప్పుడు పొరకు 4.67 మీటర్లు. ఆరు అంగుళాల పొడవు కోసం పొరకు ఒకటిన్నర మీటరు పోతుంది. ఈ లెక్క ఫోన్‌లో చెబితే ఆవిడ వెంటనే 84కి ఒప్పుకున్నారు. చాలామంది ఒప్పుకుంటారు.

బొంతకు నాలుగు పొరలు. పై పొర 6 అంగుళాల చదరాలతో, అడ్డం 10, నిలువు 14, మొత్తం 140 ముక్కలు. ఒక్కో ముక్క ఆరున్నర అంగుళాలకు కోయాలి, చుట్టూ పావు అంగుళం కుట్టులోకి పోతుంది. పన్నాకు ఆరు ముక్కలు చొప్పున 24 వరసలు, 156 అంగుళాలు, దాదాపు 4 మీటర్లు. అంటే అతుకుల పై పొర, మామూలు పొరకంటే పావు వంతు ఎక్కువ బట్ట తింటుంది. "ముక్కలే కదా, మిగిలిన వాటితో వేసేయండి" అనేవాళ్లకు ఈ అంకె చూపించాలి.

రెండు బొంతలకు మొత్తం: పై పొరలు 8 మీటర్లు, మిగతా ఆరు పొరలు 18.9, కలిపి 26.9. ఉన్నది 19. తక్కువైన 7.9 మీటర్లకు మల్లు గుడ్డ కొనాలి, ఉతికితే ముడుచుకునేదానికి కలిపి ఎనిమిదిన్నర. "బట్ట మాదే" అన్న మాట ఇక్కడ తేలిపోతుంది. కొత్త మల్లును కోసేముందు తప్పకుండా ఉతకాలి. పాత చీర ఎప్పుడో ముడుచుకుంది, కొత్త గుడ్డ బొంతలో ముడుచుకుంటే మొదటి ఉతుక్కే బొంతంతా గుంజుకుని బుడిపెలు తేలుతుంది. ఫిర్యాదుల్లో ఎక్కువ దీని మీదే.

ధర వరసల్లో ఉంది

60 అంగుళాల వెడల్పులో అంగుళానికొక వరస వేస్తే 60 వరసలు, ముప్పావు అంగుళానికొకటైతే 80, అర అంగుళానికొకటైతే 120. మూడూ అదే సైజు బొంతలు. అనుభవమున్న చెయ్యి 84 అంగుళాల వరసను 13 నిమిషాల్లో కుడుతుందని లెక్క వేశాం. అంటే చేతికుట్టుకే 13 గంటలు, 17.3 గంటలు, 26 గంటలు. ఉతకడం, కోయడం, చదరాలు మిషన్ మీద కలపడం, పొరలు పరిచి కచ్చా కుట్లు వేయడం, అంచు పట్టీ, చివరి ఉతుకు, అన్నీ కలిపి ఏ బొంతకైనా 14 గంటలు తప్పవు.

దారం కూడా వరసల లెక్కే. 80 వరసలంటే 6,720 అంగుళాలు, 171 మీటర్ల కుట్టు. పొరల్లోకి దిగి పైకి వచ్చేదానికి, ముడులకు పాతిక శాతం కలిపితే 213 మీటర్లు. పెర్ల్ కాటన్ 8వ నంబరు ఉండలో 85 మీటర్లుంటుంది, మూడు ఉండలు కావాలి. మూడూ ఒకేసారి, ఒకే లాటు నంబరు చూసి కొనాలి. సగంలో దారం అయిపోయి తెచ్చిన నాలుగో ఉండ రంగు ఒక పిసరు తేడా వచ్చినా తెల్ల చదరాల మీద కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

80 వరసల బొంత ఒకదానికి వేసిన లెక్క:

మల్లు 4.25 మీటర్లు, మీటరు 80 చొప్పున 340
చేతికుట్టు దారం మూడు ఉండలు 180
మిషన్ దారం, సూదులు 40
అంచు పట్టీకి అర మీటరు కాటన్ 50
సబ్బు, కరెంటు 40
ప్యాకింగు 60
కూలి 31.3 గంటలు, గంటకు 90 చొప్పున 2,820
మిషన్ రిపేరు, ఫోను, అద్దె వంటివి కూలి మీద 15 శాతం 423
మొత్తం 3,953

దీని మీద 20 శాతం లాభం కలిపితే 4,744. చెప్పిన ధర 4,750. ఇదే పద్ధతిలో 60 వరసల బొంత 4,150, 120 వరసలది 5,900. ఆవిడకు మూడు ధరలూ, మూడు కుట్లకు చేతెడు నమూనా ముక్కల ఫొటోలు, పక్కన స్కేలు పెట్టి పంపాం. ఎంచుకున్నది మధ్యది. నమూనా ముక్కలు ఒక్కసారి కుట్టిపెట్టుకుంటే ఏళ్లపాటు పనికొస్తాయి.

చదరపు అడుగు లెక్కన చెప్పే అలవాటు ఉంది, అది వదిలేయాలి. ఈ బొంత సరిగ్గా 35 చదరపు అడుగులు. అడుక్కి 100 అంటే 3,500. 60 వరసల బొంతకు అసలు ఖర్చు 3,445, కాబట్టి గట్టెక్కినట్టే కనబడుతుంది. అదే ధరకు ఎవరైనా "కొంచెం దగ్గరగా కుట్టండమ్మా" అని 120 వరసలు అడిగితే ఖర్చు 4,910. బొంతకు 1,400 చేతినుంచి పోతుంది, పైగా పోయినట్టు కూడా తెలియదు. ఎందుకంటే ఆ పోయింది కుట్టేవాళ్ల గంటల్లో.

బేరం తప్పకుండా వస్తుంది. "ఇద్దరికీ కలిపి 8,500 చేసుకోండి" అన్నారు. అప్పుడు ధర కాదు, పని తగ్గించాలి. చదరాలు 6 అంగుళాలకు బదులు 12 చేస్తే 140 ముక్కలు 35 అవుతాయి. కోత, అతుకు కలిపి ఆరున్నర గంటల పని రెండున్నరకు దిగుతుంది. నాలుగు గంటల కూలి, దాని మీది ఖర్చు, లాభం కలిపి దాదాపు 500 తగ్గి బొంత 4,250కి వస్తుంది, రెండూ 8,500. అడిగిన ధర అడిగినట్టే ఇచ్చాం, ఊరికే కాదు. ఆవిడ రెండు ఫొటోలూ చూసి చిన్న చదరాలే కావాలన్నారు, 9,500కే ఒప్పుకున్నారు.

పన్ను మాట. పూర్తి బొంత మనమే బట్ట పెట్టి అమ్మితే అది సరుకు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా ఉన్న కాటన్ బొంతకు 5 శాతం, దాటితే 18 శాతం వేయాలి. 2,600 ధర పెట్టే ముందు ఈ గీత గుర్తుండాలి. ఎదుటివాళ్ల బట్ట మీద చేసే పని మాత్రం సేవ కిందికి వస్తుంది. రిజిస్ట్రేషన్ పరిమితి సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. సేవలకు రెండుచోట్లా 20 లక్షలే. ఈ ఆర్డర్‌లా చీరలు వాళ్లవి, మల్లు మనది అయినప్పుడు బిల్లు ఎలా రాయాలో ఆడిటర్‌ని ఒకసారి అడిగి అదే పద్ధతి పాటించడం మంచిది.

కత్తెర పడేముందు

సగం అడ్వాన్సు, 4,750, చేతికొచ్చాకే కోత. దానితోపాటు ఈ మెసేజ్ పంపి "సరే" అని రాయించుకోవాలి:

"అండీ, రెండు బొంతలు, ఒక్కోటి 60×84 అంగుళాలు, ఉతికాక ఒక అంగుళం అటూఇటూ. నాలుగు పొరలు, 6 అంగుళాల చదరాలు, ముప్పావు అంగుళానికి ఒక వరస. వాడే చీరలు: వెంకటగిరి, మంగళగిరి, రెండు వాయిల్, గద్వాల ఒళ్లు. పట్టు, జార్జెట్ వాడడం లేదు. లోపలి పొరల్లో కొంత కొత్త మల్లు వస్తుంది. పాత చీరల్లో చిన్న రఫ్ఫులు, మరకలు అలాగే ఉంటాయి. రెండూ కలిపి 9,500, కొరియర్ విడిగా. రేపు కోత మొదలవుతుంది. కోశాక సైజు, చీరలు మార్చలేం."

చివరి వాక్యం ముఖ్యం. కొత్త బట్ట అయితే మళ్లీ కొనొచ్చు, ఈ చీర మళ్లీ దొరకదు. అందుకే కోసేముందు చదరాలను నేలమీద ఎలా పేర్చబోతున్నామో చీరలు మడిచిపెట్టి చూపించే ఒక ఫొటో కూడా పంపాలి.

ఇంత చేసినా కోత అయిన మూడోరోజు మెసేజ్ వచ్చింది, తమ్ముడి బొంత మీద అమ్మ పేరు కుట్టాలని. ఇది కుదిరే మార్పు, ఇంకా పొరలు పరచలేదు కాబట్టి. పేరు పై పొర ఒక్కదాని మీద ఉండగానే కుట్టాలి. నాలుగు పొరలూ కలిశాక కుడితే ముడులు వెనక తేలతాయి. రెండు అంగుళాల అక్షరానికి అరగంట. తెలుగులో ధర చెప్పేటప్పుడు ఒత్తుల్ని విడిగా లెక్కపెట్టాలి. ఇంగ్లీషు అక్షరాల లెక్కన చెప్పి "లక్ష్మి" కుట్టడానికి కూర్చుంటే ఆ రెండో అక్షరం దగ్గర విషయం అర్థమవుతుంది. అక్షరానికి 60, ఒత్తుకు 30 తీసుకున్నాం, ముందే రాయించుకుని.

లెక్క తప్పిన చోటు

13 నిమిషాల వరస 16 నిమిషాలు పట్టింది. ఆ 13 అతుకుల్లేని బట్ట మీద చూసిన టైము. 6 అంగుళాల చదరాల్లో ప్రతి నిలువు వరసా అడ్డంగా 13 అతుకులు దాటాలి, అక్కడ మడతలతో కలిపి బట్ట ఆరు పొరలవుతుంది. నాలుగైదు కుట్లు ఒకేసారి సూదికెక్కించి లాగే వీలుండదు, ఒక్కొక్కటే గుచ్చాలి. 80 వరసలకు మూడేసి నిమిషాలు, నాలుగు గంటలు, 360 రూపాయలు. ఒక్కో బొంతకు అనుకున్న 790 లాభం 430కి దిగింది.

ఇంకో పొరపాటు దీనికంటే ముందు జరగబోయి ఆగింది. ముప్పావు అంగుళం ఎడం పెట్టి బొంత అంచు నుంచి గీతలు గీస్తే, ప్రతి ఎనిమిదో గీత సరిగ్గా నిలువు అతుకు మీదే పడుతుంది. ఆ వరసంతా దుంగలో గుచ్చినట్టే. మొదటి గీతను అంచు నుంచి మూడు బై ఎనిమిది అంగుళాల దగ్గర మొదలుపెడితే ఏ గీతా అతుకు మీద పడదు, పావు అంగుళం మడతనూ తప్పుకుంటుంది. చదరాల అతుకుల్ని ఒకవైపుకు కాకుండా రెండువైపులకూ విప్పి ఇస్త్రీ చేస్తే అడ్డం అతుకులు కూడా పలచబడతాయి. అతుకుల బొంతకు వరసకు 15 నిమిషాలు వేసుకోవడమే సరైన లెక్క. మీ లెక్కకు మీ చెయ్యే కొలత: నాలుగు పొరల మీద, అతుకులున్న చోట, ఒక పూర్తి వరస గడియారం పెట్టి కుట్టి చూడండి.

ఇద్దరు కుట్టేవాళ్లుంటే చెరో బొంత ఇవ్వాలి. త్వరగా అవుతుందని ఒకే బొంతకు చెరోవైపు కూర్చోబెడితే, ఒకరి చెయ్యి బిగువు, ఇంకొకరిది వదులు, ఉతికాక ఒక సగం ముడుచుకుని మరో సగం పరుచుకుని ఉంటుంది. రోజుకు నాలుగు గంటలకు మించి చేతికుట్టు పెట్టుకోకూడదు. అయిదో గంటలో వేసిన కుట్లు పెద్దవవుతాయి, ఎక్కడ మొదలయ్యాయో చూపించగలం. ఆ లెక్కన మొత్తం 15 పనిరోజులు. చెప్పింది 25. వానాకాలమైతే ఆరడానికే ఇంకో నాలుగు రోజులు కలపాలి. తద్దినం, బారసాల, శ్రీమంతం, ఇవి జరిగే తేదీలు మారవు, కాబట్టి పంపే తేదీ దానికి వారం ముందు పెట్టుకున్నాం.

పంపడం

బొంత బరువు దాదాపు 1.1 కిలోలు, రెండూ 2.2. చాలా కొరియర్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి వచ్చేదాన్నీ చూస్తాయి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు. 40×30×25 పెట్టెలో వదులుగా పెడితే 6 కిలోల చార్జీ. గట్టిగా మడిచి, తాడు కట్టి, 38×30×14లో పెడితే 3.2 కిలోలు. లోపల ప్లాస్టిక్ కవరు తప్పనిసరి, గంజి మాత్రం పెట్టొద్దు. గంజి పెట్టిన బట్ట మడిచిపెడితే పురుగు చేరుతుంది.

తమ్ముడి బొంత నేరుగా అమెరికా పంపమన్నారు. 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు అమెరికా తీసేసింది, అక్కడ దిగాక ఎంత కట్టమంటారో ముందే మాట ఇవ్వడం మనవల్ల కాదు. రెండూ హైదరాబాద్‌కే పంపి, వెళ్లేవాళ్ల సామానులో పెట్టించమని చెప్పాం.

మిగిలిన సగం డబ్బు, పరిచిన బొంత వీడియో పంపాక, ప్యాకింగుకు ముందు తీసుకున్నాం. ముందు తీసుకున్న 300 ఇందులో తగ్గించి, పేరు కుట్టిన డబ్బు కలిపాం. కుషన్ కవర్ల బిల్లు విడిగా. పెట్టెలో బొంతలతోపాటు జార్జెట్ చీర, మిగిలిన పట్టు, గద్వాల అంచు, చిన్న ముక్కలు ఒక గుడ్డసంచిలో వేసి, సంచి మీద తూకం రాసి పెట్టాం. ఉతికే పద్ధతి చీటీలో మూడే మాటలు: మొదటి మూడుసార్లు విడిగా, చన్నీళ్లలో, నీడపట్టున ఆరేయడం.